పదిహేను కిలోల ఆకాశం

లాల్‌దర్వాజలో మా పెద్దమ్మ ఇల్లు. ఆ రోజు పక్క కిరాణా కొట్టు కాంటా ఆ ఇంటి నట్టింట్లో ఉంది. దాని మీద సూట్‌కేసు. అందులో నాలుగు చీరలు, సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు సీసా, మనవరాలికని లాడ్ బజార్‌లో కొన్న గాజులు, సంచి నిండా ఎండుకొబ్బరి కుడుకలు. కాంటా 18 కిలోలు చూపించింది. టికెట్ మీద రాసి ఉన్నది 15.

అరవై దాటిన ఆమెకు అదే తొలి విమాన ప్రయాణం. ముంబైలో ఉన్న కొడుకు చవకగా దొరికిందని టికెట్ తీసి ఫోన్‌కు పంపాడు. సామాను సర్దించే పని నా మీద పడింది.

"మూడు కిలోలకు ఏమైతది బిడ్డా? గంత పెద్ద విమానం లేవదా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పాలంటే కొంత భౌతికశాస్త్రం, కొంత కూడికలు తీసివేతలు కావాలి. చవక విమానం ఎక్కబోయే ప్రతి కొత్త ప్రయాణికుడికీ ఆ జవాబు తెలియాలని నా కోరిక. ఎందుకంటే అక్కడ ఎదురయ్యే నిబంధనల్లో చాలావాటికి లెక్కలోనో, ప్రకృతి సూత్రంలోనో ఒక కారణం ఉంది. కారణం తెలియనప్పుడు అవి మనల్ని చిన్నబుచ్చడానికే పెట్టినట్టు అనిపిస్తాయి. తెలిసినప్పుడు భయం సగం పోతుంది, అడగడానికి మొహమాటమూ పోతుంది.

పాతబస్తీకి దగ్గరైన విమానం

హైదరాబాద్‌కు విమానాలు కొత్త కాదు. 1945లోనే నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థను బేగంపేట కేంద్రంగా నడిపించారు. 1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత కూడా అర్ధశతాబ్దం పాటు విమానం అంటే అధికారులకు, వ్యాపారులకు, గల్ఫ్ వెళ్లేవారికే అన్నట్టుండేది. చార్మినార్ సందుల్లో ఉండేవాళ్లకు ముంబై అంటే నాంపల్లి స్టేషన్‌లో ఎక్కే రాత్రి రైలే.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్‌తో మన దేశంలో చవక విమానాలకు దారి తెరిచారు. 'ఆకాశం నీ హద్దురా' సినిమాకు ప్రేరణ ఆయన జీవితమే. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. నగరంలో చాలామందికి అది దూరమైంది కానీ మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీకి దగ్గరైంది. 2025 జనవరిలో జూ పార్కు నుంచి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరుచుకున్నాక ఆ దారి ఇంకా సులువైంది. ఇక 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైనప్పుడు, ఆ రోజు ప్రారంభమైన మూడు మార్గాల్లో రెండు మన నగరానివే: కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్. గంట ప్రయాణానికి సగం సీట్ల ధర 2,500 రూపాయలు దాటకూడదన్నది ఆ పథకం ఆలోచన.

విమానం దగ్గరికి వచ్చింది సరే. అది అంత తక్కువ డబ్బుకు ఎలా ఎగురుతోంది?

నేల మీద నిలబడితే నష్టం

విమానం సంపాదించేది గాలిలో ఉన్నప్పుడే. నేల మీద నిలబడ్డ ప్రతి నిమిషం దాని అద్దె, పార్కింగ్, జీతాలు నడుస్తూనే ఉంటాయి, రాబడి మాత్రం ఉండదు. అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థ 1972లో డబ్బుకు కటకటలాడి తన నాలుగు విమానాల్లో ఒకదాన్ని అమ్ముకుంది. అయినా నాలుగు విమానాల సర్వీసులను మూడింటితోనే నడపాలనుకుంది. దిగిన విమానాన్ని పది నిమిషాల్లో మళ్లీ బయల్దేరదీయడమే వాళ్లకు దొరికిన ఉపాయం. ప్రపంచంలోని చవక విమాన సంస్థలన్నీ ఆ పాఠం నేర్చుకున్నాయి. మన దగ్గర ఇప్పుడు విమానం దిగి, ఖాళీ అయి, శుభ్రమై, నిండి, కదలడానికి అరగంట అటూఇటూగా పడుతుంది.

రోజుకు ఆరు ట్రిప్పులు వేసే విమానం ఒక్కో మజిలీలో అరగంట మిగిల్చుకుంటే రెండున్నర, మూడు గంటలు చేతికొస్తాయి. ఆ సమయంలో ఇంకో ఊరికి వెళ్లి రావచ్చు. అందుకే గేటు బయల్దేరే సమయానికి 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు. అందుకే కొన్నిసార్లు బస్సులో విమానం దాకా తీసుకెళ్లి ముందు, వెనుక రెండు తలుపుల నుంచీ మెట్ల మీద ఎక్కిస్తారు. అందుకే భోజనం టికెట్‌లో కలిసి రాదు. వండి, పంచి, ఎంగిలి ప్లేట్లు తీసే పని తగ్గితే మజిలీ కూడా తగ్గుతుంది.

రైలు గార్డు పచ్చజెండా ఊపాక కూడా పరుగెత్తి ఎక్కినవాళ్లం మనం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. దేశీయ ప్రయాణాలకు కౌంటర్ సాధారణంగా గంట ముందే మూతపడుతుంది. రెండు గంటల ముందు అక్కడుండాలి. శుక్రవారం మక్కా మసీదు చుట్టుపక్కల నమాజు వేళో, బోనాల ఊరేగింపు రోజో అయితే ఇల్లు ఇంకాస్త ముందే వదలాలి.

పక్క సీటుకు వేరే ధర

పెద్దమ్మ టికెట్ ధర ఆమె కొడుకు కొన్నప్పుడు ఒకటి, వారం తర్వాత నేను చూసినప్పుడు ఇంకొకటి. ఇది మోసం కాదు. 1972లో కెన్ లిటిల్‌వుడ్ అనే బ్రిటిష్ విమాన సంస్థ ఉద్యోగి చెప్పిన చిన్న సూత్రం దీని వెనుక ఉంది.

ఒక సీటు మిగిలింది అనుకోండి. ఇప్పుడే 3,000 రూపాయలకు కొనేవాడు ఎదురుగా ఉన్నాడు. ఆగితే చివరి రోజు 7,500 ఇచ్చేవాడు రావచ్చు, రాకపోనూవచ్చు. ఎప్పుడు ఆగాలి? మూడు వేలను ఏడున్నర వేలతో భాగిస్తే 0.4 వస్తుంది. ఖరీదు ఎక్కువ ఇచ్చేవాడు వచ్చే అవకాశం 40 శాతం కంటే ఎక్కువైతే ఆగడమే లాభం, తక్కువైతే ఇప్పుడే అమ్మేయడం మేలు. కంప్యూటర్లు ఈ లెక్కను వేల సీట్లకు రోజంతా వేస్తూనే ఉంటాయి. విమానంలోని సీట్లను ధరల మెట్లుగా విడగొట్టి, కింది మెట్టు అమ్ముడుపోగానే పై మెట్టు తెరుస్తాయి. పండగ, పెళ్లిళ్ల కాలంలో కింది మెట్లు తొందరగా ఖాళీ అవుతాయి. అందుకే తేదీ ఖాయమైతే ఆలస్యం చేయొద్దు.

కనిపించే ధర సీటుకే. దాని మీద విమానాశ్రయ రుసుము, భద్రతా రుసుము, ఎకానమీకి 5 శాతం జీఎస్టీ కలుస్తాయి. కిటికీ సీటు, భోజనం, అదనపు సామాను, తేదీ మార్పు అన్నీ విడివిడి ధరలే. కొనే ముందు చివరి మొత్తం చూడాలి. సీటుకు డబ్బు కట్టకపోయినా ఏదో ఒక సీటు తప్పక ఇస్తారు. పన్నెండేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, 2024 ఏప్రిల్‌లో చెప్పింది. పిల్లలతో వెళ్లేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

టికెట్ మీద పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. మన దగ్గర చాలా ఇబ్బంది ఇక్కడే వస్తుంది. ఒకరి ఇంటిపేరు కార్డులో పొడి అక్షరంగా ఉంటుంది, టికెట్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకరు కార్డులో 'మొహమ్మద్' అయితే టికెట్‌లో దాని పొట్టి రూపం పడుతుంది. టికెట్ తీసేవారు కార్డును ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయాలి.

మూడు కిలోల బరువెంత?

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. ఈ మార్గాల్లో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320 నియో గరిష్ఠంగా 79 టన్నుల బరువుతో నేల విడవగలదు. మూడు కిలోలు దానికి లెక్కే కాదు. కానీ గాలిలో బరువును మోయడమంటే ప్రతి క్షణం రెక్కల మీద ఆ మేరకు పైకెత్తే బలం పుట్టించడం. ఆ బలం పుట్టినచోట గాలి ఎదురుబలమూ పెరుగుతుంది, దాన్ని జయించడానికి ఇంజిన్ ఇంకాస్త ఇంధనం తాగుతుంది. అదనపు బరువులో సుమారు మూడు శాతం ప్రతి గంటా ఇంధనంగా ఖర్చవుతుందని లెక్క వేసుకోవచ్చు.

180 మంది తలా మూడు కిలోలు ఎక్కువ తెస్తే 540 కిలోలు. గంటకు దాదాపు 16 కిలోల ఇంధనం. విమానం రోజుకు 12 గంటలు ఎగిరితే ఏడాదికి 70 టన్నులు! ఒక్క విమానానికే ఇంత. ఇంధనమే అతిపెద్ద ఖర్చు అయిన వ్యాపారంలో ఆ 70 టన్నుల ఖర్చూ అందరి టికెట్ల మీదే పడుతుంది. పెద్దమ్మకు ఇలా చెప్పాను: "నీ మూడు కిలోలతో విమానం లేవకపోవడం కాదు పెద్దమ్మా, అందరి మూడు కిలోలు కలిస్తే అందరి టికెట్ పెరుగుతది."

దేశీయ చవక టికెట్ల మీద సాధారణంగా కింద గూట్లో వేసే సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. కౌంటర్ దగ్గర అదనపు కిలోకు కట్టే డబ్బు చాలాసార్లు ఆ వస్తువు ఖరీదును మించిపోతుంది. ఎక్కువ తప్పదనుకుంటే ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ పడుతుంది. ఇంట్లో కాంటా లేకపోతే పక్క కొట్టులో తూచుకుని వెళ్లండి.

బరువుకు ఇంకో కోణం ఉంది. విమానం తక్కెడ లాంటిది. ముందు, వెనుక బరువులు ఒక హద్దులో సమతూకంగా ఉండాలి. ఖాళీ సీట్లు కనబడ్డాయని చెప్పకుండా మారిపోవద్దని సిబ్బంది అనేది అందుకే.

కుడుకలు ఎందుకు దిగిపోయాయి?

సూట్‌కేసులోంచి నేను మొదట తీసింది కుడుకల సంచి. పెద్దమ్మకు కోపం వచ్చింది. "కొబ్బరేమన్నా బాంబా?"

బాంబు కాదు కానీ, ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో ఎండుకొబ్బరికి సొంత సంఖ్య ఉంది. తనంతట తాను వేడెక్కే పదార్థాల తరగతిలో దాన్ని చేర్చారు. కుడుకలో బరువులో సగానికి మించి నూనె. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలుస్తూ వేడిని పుట్టిస్తుంది. తేమ ఉంటే సూక్ష్మజీవులూ తమ వంతు వేడిని కలుపుతాయి. వంటింట్లో పళ్లెంలో ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. గుట్టగా, గాలి ఆడనిచోట కూరినప్పుడు వేడి బయటికి పోదు. పెరిగిన వేడి రసాయన చర్యను ఇంకా పెంచుతుంది. ఓడల్లో కొబ్బరి సరుకు అలాగే అంటుకున్న సందర్భాలున్నాయి. మన విమాన సంస్థలు దాన్ని వద్దనేది ఈ అనుభవంతోనే. పూజ సామానులోని కర్పూరం తేలిగ్గా మండే ఘనపదార్థం, అదీ వద్దు. అగ్గిపెట్టె, లైటర్ కూడా వద్దు.

పవర్ బ్యాంక్‌ది దీనికి తిరగబడ్డ నియమం. దాన్ని కింద సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. లిథియం బ్యాటరీ లోపల దెబ్బతింటే ఒక సెల్ వేడి పక్క సెల్‌ను రాజేస్తుంది. కింద గూట్లో అది మొదలైతే ఎవరూ చేరుకోలేరు. మన దగ్గరుంటే సిబ్బంది వెంటనే నీళ్లు పోసి చల్లార్చగలరు. హద్దు 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంక్‌ను 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వస్తుంది, సరిపోతుంది.

కారప్పొడి, తొక్కు సీసా, కత్తెర చేతి సంచిలో కాకుండా కింద సామానులో వేయాలి. నూనె తొక్కుకు ఒక చిన్న శాస్త్రం ఉంది, అది గాలిలోకి లేచాక చెబుతాను.

తలుపు దగ్గర

ఇంటి నుంచే వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే బోర్డింగ్ పాస్ ఫోన్‌లోకి వస్తుంది. 2022 దాకా కొన్ని సంస్థలు కౌంటర్‌లో ఆ పని చేయడానికి డబ్బు తీసుకునేవి. విమానాశ్రయం తలుపు దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జవాను టికెట్, గుర్తింపు కార్డు చూస్తారు. ముఖం చూపి లోపలికి వెళ్లే డిజియాత్ర ఇష్టమున్నవారికే, కార్డు చూపినా వెళ్లనిస్తారు. లోపల కౌంటర్‌లో సామాను ఇచ్చి, అంటించిన చీటీ రెండో భాగం తీసుకుని, భద్రతా తనిఖీకి వెళ్లాలి.

తనిఖీలో మనం దాటే తలుపు చట్రంలో తీగచుట్టలు ఉంటాయి. వాటిలో మారుతూ ఉండే విద్యుత్తు మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. లోహం అందులోకి రాగానే దానిలో చిన్న విద్యుత్ సుడులు పుట్టి ఆ క్షేత్రాన్ని కదిలిస్తాయి. అప్పుడు మోగుతుంది. మెట్టెలకు మోగొచ్చు, మోకాలి ఆపరేషన్‌లో వేసిన లోహానికీ మోగొచ్చు. మోగితే తప్పు చేసినట్టు కాదు. ఆడవారిని పరదా వెనుక మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు. బురఖాలో ఉన్నవారికీ అదే పద్ధతి. నడవలేని పెద్దవారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసేటప్పుడే చెప్పాలి.

లేచాక వినబడేవి

తలుపులు మూశాక నేల కింద నుంచి కుక్క మొరిగినట్టు, రంపం కోసినట్టు ఆగి ఆగి ఒక శబ్దం వస్తుంది. ఎయిర్‌బస్ 320లో ఒక ద్రవపీడన వ్యవస్థ నుంచి ఇంకోదానికి బలం అందించే యంత్రం అది. వానాకాలంలో ఏసీ రంధ్రాల నుంచి తెల్లని పొగ రావచ్చు. అది చల్లని గాలి తగిలి చిక్కబడ్డ మంచు. లేచిన వెంటనే కింద ధడ్‌మంటే చక్రాలు లోపలికి వెళ్లాయని అర్థం. కొద్దిసేపటికి ఇంజిన్ హోరు తగ్గి, పడిపోతున్నామా అనిపిస్తుంది. నేల విడవడానికి వాడిన గట్టి బలాన్ని పైలట్లు ఎక్కే దశకు తగ్గించారంతే. వేగం పెరగడంలో వచ్చిన ఆ మార్పును మన లోపలి చెవి దిగడంగా పొరబడుతుంది.

36,000 అడుగుల దగ్గర బయట సుమారు మైనస్ 55 డిగ్రీలు. గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే లోపలికి గాలిని నింపుతారు. అయితే పూర్తిగా నేల మీద ఉన్నంత కాదు, 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత వరకు తగ్గనిస్తారు. ఎక్కువ నింపితే విమానం గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది.

తొక్కు సీసా సంగతి ఇక్కడే. శంషాబాద్ సుమారు 617 మీటర్ల ఎత్తులో ఉంది. లాల్‌దర్వాజలో మూత బిగించిన సీసాలోని గాలి, పైకి వెళ్లాక దాదాపు నాలుగో వంతు ఎక్కువ చోటు అడుగుతుంది. కింద సామాను గూట్లోనూ పీడనం ఇంతే. సీసా నిలబడి ఉంటే గాలి మూత సందుల్లోంచి తప్పుకుంటుంది. పడుకోబెడితే మూత దగ్గరున్న నూనెనే బయటికి నెడుతుంది. అందుకని పెద్దమ్మ సీసాను నూనె పేరిన అంచు దాకా నింపి గాలికి చోటు తగ్గించాం. నోటికి ప్లాస్టిక్ కాగితం కట్టి మూత బిగించి, రెండు కవర్లలో చుట్టాం. ముంబైలో చీరలకు ఒక్క చుక్క అంటలేదు.

చెవికీ ఇదే సూత్రం. చెవి మధ్యగదికి, గొంతుకు ఒక సన్నని నాళం ఉంది. పైకి వెళ్లేటప్పుడు లోపలి గాలి దానిగుండా సులువుగా బయటపడుతుంది. దిగేటప్పుడు బయటి పీడనం పెరిగి, మెత్తటి గొట్టాన్ని నోటితో పీల్చినప్పుడు గోడలు అతుక్కున్నట్టు ఆ నాళం మూసుకుంటుంది. అప్పుడు నొప్పి. మింగితే, ఆవలిస్తే, ఏదైనా నమిలితే అక్కడి కండరాలు నాళాన్ని తెరుస్తాయి. పసిపిల్లలకు దిగేటప్పుడు పాలు పట్టాలి. జలుబు గట్టిగా ఉంటే బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి. పెద్దమ్మకు కొంగు ముడిలో సోంపు కట్టి ఇచ్చాను.

కుదుపులు గాలి సుడుల వల్ల వస్తాయి. రెక్కలు వంగేలాగే చేస్తారు, చూసి భయపడవద్దు. దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు విప్పినవారికే. దిగేటప్పుడు కిటికీ రెక్కలు తెరవమనడం, కుర్చీ నిటారుగా పెట్టమనడం ఎందుకంటే, అవసరమైతే అందరూ బయటపడాల్సి వస్తుంది. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందే సగం తలుపులతో 90 సెకన్లలో అది ఖాళీ కాగలదని నిరూపించాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చవక టికెట్ అంటే చవక భద్రత కాదు. పైలట్ లైసెన్సు, విమానం తనిఖీ, సిబ్బంది విశ్రాంతి గంటలు, అన్నిటికీ ఒకే డీజీసీఏ నియమాలు. తగ్గించినవి భోజనం, కాళ్లు చాపే చోటు, మజిలీ సమయం.

ఆలస్యమైతే అడిగే హక్కు కూడా టికెట్‌తోనే వస్తుంది. రెండున్నర గంటల లోపు దేశీయ ప్రయాణం రెండు గంటలకు మించి ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ప్రయాణికుడే ఎంచుకోవచ్చు.

నెల తర్వాత పెద్దమ్మ తిరిగొచ్చింది. కిటికీలోంచి ఏం చూసిందో చెబుతుందని కూర్చున్నాను. ఆ మాటకన్నా ముందు వీధిలో ఇంకో పని పడింది. ఎదురింటి ఖాలా దుబాయ్‌లో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరుతోంది, ఆమెకూ ఇదే మొదటిసారి. కాంటా మళ్లీ నట్టింట్లోకి వచ్చింది. నేను వెళ్లేసరికి పెద్దమ్మ ఆమె పెట్టె ముందు కూర్చుని సామాను ఒక్కొక్కటే తీసి చూస్తోంది.

"కుడుకలు తియ్యి ఖాలా," అంటోంది. "బాంబు కాదు గానీ, మూసిపెడితే దానంతటదే వేడెక్కుతది. సోంపు కొంగుకు కట్టుకో, దిగేటప్పుడు నములు. ఏమన్నా తెల్వకుంటే అడుగు. నేను అడిగిన, ఎవ్వరేమనలె."